మూడో సీటీ

మక్తల్‌లో సైకిలు చక్రానికి గాలి కొట్టాలన్నా గాలయ్యే, పిల్లల ఫుట్‌బాలుకు గాలి కొట్టాలన్నా గాలయ్యే. పేరు పెట్టిననాడు వాళ్ల అవ్వకు సైకిలంటే ఏమిటో కూడా తెలియదు. చచ్చిపోయిన పెనిమిటి పేరు మనవడికి పెట్టుకుంది, అంతే. కానీ ఆకతాయి పిల్లలు ఆ మాట నమ్మితేగా! "గాలి మామా, పంపు ముందు వచ్చిందా, నీ పేరు ముందు వచ్చిందా?" అని అడిగి, ఆయన చేతిలో పానా పైకి లేచేలోపల సందు మలుపు తిరిగేవారు. ఆయన కూడా ఎన్నడూ విసిరింది లేదు. కోపమంతా మీసంలోనే ఉండేది, చేతుల్లోకి దిగేది కాదు.

నిజాం జమానాలో, మీసం ఇంకా సరిగా రాని వయసులో, గాలయ్య బతకడానికి పట్నం పోయాడు. అక్కడ ఒక పెద్ద ఆట మైదానంలో పని దొరికింది. పొద్దున నీళ్లు చల్లడం, మధ్యాహ్నం సున్నంతో గీతలు గీయడం, సాయంత్రం గీత అవతల గొంతుక్కూచుని ఆట చూడడం. ఈ మూడో పనికి జీతం ఇవ్వకపోయినా మనసు పెట్టి చేసింది దాన్నే. ఇంగ్లీషు ముక్క రాదు, తెలుగు అక్షరాలు కూడా అంతంత మాత్రమే. అయినా ఫౌలంటే ఏమిటో, కార్నరంటే ఏమిటో, పెనాల్టీ ఎప్పుడిస్తారో అన్నీ కంటితోనే నేర్చుకున్నాడు. నాయిన పోయాక మక్తల్ తిరిగొచ్చి బస్సులు ఆగే చోట సైకిళ్ల కిరాయి దుకాణం పెట్టుకున్నాడు. పట్నం నుంచి తెచ్చుకున్న ఆస్తి ఒక్కటే, ఇత్తడి ఈల. దాన్ని నల్ల తాడుకు కట్టి మెడలో వేసుకునేవాడు. పెళ్లాం ఈదమ్మ మెడలో పుస్తెలతాడైనా ఎప్పుడో ఒకసారి బయటికి కనబడకుండా ఉండేదేమో గానీ, గాలయ్య మెడలో ఆ ఈల మాత్రం ఊరంతటికీ కనబడాల్సిందే.

తెలంగాణ, ఆంధ్ర కలిసి ఒక రాష్ట్రమైన కొత్తలో ఆయన పిల్లలను పోగుచేసి ఆట మొదలుపెట్టాడు. అంగడి జరిగే జాగానే మైదానం. అంగడి మర్నాడు పిల్లలే పెండ ఎత్తిపోసి, రాళ్లు ఏరేవారు. ఎడ్లను కట్టేసే గుంజలే గోలు కట్టెలు, వాటి మీద ఒక మోకు కడితే అయిపోయె. సున్నం ఎక్కడ దొరుకుతుంది? గాలయ్య ఇంటింటి పొయ్యి బూడిద తెచ్చి గీతలు గీసేవాడు. మొదటి దోపిడి సొంత ఇంట్లోనే జరిగేది.

"గిన్నెలు తోముకుందామంటె చారెడు బూడిద మిగలనియ్యవు గదనయ్యా! నీ ఆటల మన్నువడ," అని ఈదమ్మ వాకిట్లో నిలబడి అరిచేది.

"మట్టితోని తోముకో. బూడిద తెల్లగుంటది, గీత మంచిగ కనవడ్తది," అనేవాడు గాలయ్య, తట్ట నెత్తిన పెట్టుకుని. అరిచి అరిచి ఆమే మర్నాటి నుంచి బూడిదను జల్లెడ పట్టి బొగ్గు ముక్కలు ఏరి ఉంచేది. కేకలు మాత్రం మానలేదు.

ఆట ఎవరికీ అబ్బ సొత్తు కాదు కాబట్టి కాయిదాలు, అంటే ఆట నియమాలు, గాలయ్యవి. ఎవడు ఎవణ్ణి పడగొడితే వాడే లేపాలి. అమ్మ మీద అక్క మీద తిట్టినవాడు బయటికి పోయి, బావి నుంచి కుండెడు నీళ్లు తెచ్చి, అందరూ తాగాకే మళ్లీ ఆటలోకి రావాలి. గోలు కొట్టొచ్చు గానీ గోల చేయకూడదు. గ్రౌండులో ఎవడైనా సరే ఆయన్ని మామా అనే పిలవాలి. పెద్దవాళ్లు బూడిద గీత దాటి లోపలికి రాకూడదు. ఈ చివరిది పిల్లలకంటే పెద్దలకే కష్టమయ్యేది. ఒకసారి కిరాణా దుకాణం గోపయ్య సేటు గీత మీద నిలబడి, "తన్నురా, కాళ్లిరగ తన్ను!" అని కొడుకు నర్సింహకు అరిచాడు. గాలయ్య ఆట ఆపి, నడుచుకుంటూ వచ్చి, మెడలో ఈల తీసి సేటు చేతిలో పెట్టాడు. "మీరే ఆడిపియ్యుండ్రి సేటూ. నేను జర చాయ తాగొస్త," అన్నాడు. జనం నవ్వారు. సేటు ఎర్రబడ్డాడు గానీ ఆ తర్వాత మళ్లీ గీత మీద నిలబడి అరవలేదు. గీతకు రెండడుగుల వెనక నిలబడి అరిచేవాడు.

జట్లు రెండు. ఒకటి బజారు పిల్లలది, దానికి నర్సింహ పెద్ద. రెండోది చర్చి వాడ పిల్లలది, దానికి గురవయ్య పెద్ద. గురవయ్య నాయిన బక్కయ్య రోడ్డు పనిలో కంకర కొట్టే మనిషి. ఆ రోజుల్లో వాడ మనిషి బజారులోకి వస్తే పక్కకు ఒదిగి నడవాల్సిందే. చాయ హోటల్లో గాలయ్య లోపల బల్ల మీద కూచుని తాగేవాడు, బక్కయ్య బయట గోడకు వేలాడే వేరే కప్పు తీసి, తాగి, కడిగి, మళ్లీ అక్కడే తగిలించేవాడు. అది అన్యాయమని ఎవరికీ తోచలేదా అంటే, తోచినవాళ్లు కూడా చాయ తాగి లేచిపోయేవారు.

అలాంటి ఊళ్లో ఈ రెండు జట్ల పిల్లలు ఆట అయ్యాక ఎదురెదురుగా నిలబడి చేతులు కలిపేవారు. ఎట్లా జరిగిందీ పని? అక్కడే ఉంది గాలయ్య పొరపాటు, అదీ ఆయన చేసిన పనులన్నిటిలోకీ గొప్ప పొరపాటు.

పట్నంలో ఆయన ప్రతి ఆట చివరా ఒకే తంతు చూశాడు. ఈల మోగేది, ఆటగాళ్లు వరుసగా వచ్చి చేతులు కలుపుకునేవారు, ఆ తర్వాతే పలక దగ్గరి మనిషి గెలుపోటములు రాసేవాడు. గీత అవతల కూచున్న గాలయ్యకు అర్థమైంది ఇది: చేయి కలిపితేనే ఆట లెక్క. కలపకపోతే కొట్టిన ప్రతి గోలూ గంగలో కలిసినట్టే. ఎవరినీ అడగలేదు. పొద్దు పొడుస్తుందా అని ఎవరైనా అడుగుతారా? మక్తల్ వచ్చాక తన తెలివి కూడా కొంచెం కలిపాడు. రెండు పొడుగు సీటీలు ఊదితే ఆట అయిపోయినట్టు. మూడోది, పొట్టిది, చేతులు కలపడానికి. మూడో సీటీ అయ్యేదాకా ఎవడు గెలిచాడో నోట పలకకూడదు.

మొదట్లో బజారు పెద్దలు దుకాణం మీదికి వచ్చారు. "గిదేం ఆటనయ్యా, వాడోల్ల శేతులు వట్టుకునుడు?" అన్నారు. గాలయ్య పంపు కొట్టడం ఆపకుండానే, "రూల్. పట్నంల సుత గంతే. శెయ్యి గలపకపోతె ఆట లెక్కకు రాదు," అన్నాడు. రూలు అన్న మాటకు ఆ కాలంలో ఉన్న బరువు ఇంకే మాటకూ లేదు. రూలంటే సర్కారు, రూలంటే కచేరి. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పిల్లలు గెలవాలంటే లెక్కకు రావాలి, లెక్కకు రావాలంటే చేయి కలపాలి. "రూలాయెనంటె ఏంజేస్తం," అనుకుని వెళ్లిపోయారు.

ఆటలో భుజం భుజం రాసుకుంటే, ఒకడి మీద ఒకడు పడి దొర్లితే ఎవరికీ పట్టింపు లేదు. అది తగలడం కాదట. నిలబడి, కావాలని పట్టుకుంటేనే తగలడమట. అందుకు బజారు తల్లులు ఒక దారి కనిపెట్టారు. ఆట నుంచి వచ్చిన కొడుకును గడప దాటనియ్యకుండా బయటే నీళ్లు పోసేవారు. చెమట పట్టిన పిల్లవాడికి ఎట్లాగూ నీళ్లు పోయాల్సిందే. ఆ నీళ్లు చెమటకో మైలకో బిందెకు తెలియదు, పిల్లవాడికి అసలే తెలియదు.

అట్లా నాలుగైదు ఎండాకాలాలు నడిచాయి. అప్పుడు హుజూర్‌నగర్ వైపు నుంచి బదిలీ మీద జానయ్య సారు వచ్చాడు. డ్రిల్లు మాస్టరు. చదువుకున్నవాడు, మంచివాడు, ఆట తెలిసినవాడు. వచ్చిన వారంలోనే గాలయ్య ఆడించే ఆట చూసి ముచ్చటపడ్డాడు. సాయంత్రం హోటల్లో పక్కన కూచోబెట్టుకుని చాయ చెప్పాడు. గోపయ్య సేటూ, ఇంకో నలుగురు బజారు పెద్దలూ అక్కడే ఉన్నారు.

"గాలయ్యా, ఆట మస్తు ఆడిపిస్తున్నరు. ఆ శేతులు గలిపిచ్చుడు నాకు శాన నచ్చింది," అన్నాడు సారు.

"రూలే గద సారూ," అన్నాడు గాలయ్య.

సారు నవ్వాడు. పాపం, ఆయన మనసులో ఏమీ లేదు. "రూల్ కాదు. అలవాటు. మంచి అలవాటే, గాని రూల్లల్ల యాడ లేదు. ఆట ఐపోయినట్టు సీటీ ఊదినమా, లెక్క ఐపాయె. శెయ్యి గలిపినా గంతే, గలపకపోయినా గంతే."

గోపయ్య సేటు మెల్లగా గాలయ్య వైపు తిరిగాడు. "అంటె ఇన్నేండ్ల సంది మా పోరగాండ్లతోని ఉత్తగనే శేతులు పట్టిపిస్తున్నవన్నట్టు," అన్నాడు. గాలయ్యకు అబద్ధమాడాడన్న నింద కంటే, తెలియకుండా ఆడిన అబద్ధం ఎక్కువ గుచ్చుకుంది. చాయ సగంలో వదిలేసి లేచాడు. బయట గోడ దగ్గర బక్కయ్య ఉన్నాడు, చేతిలో ఆ వేరే కప్పు. అన్నీ విన్నాడు.

ఇద్దరూ దుకాణం దాకా కలిసే నడిచారు, బక్కయ్య ఎప్పటిలాగే నాలుగడుగులు వెనక. దుకాణం ముందు ఆగి చెప్పాడు.

"గాలన్నా, అంగడి మర్నాటి ఆటకు మా పోరగాండ్లను పంపుతనో పంపనో."

"గదేంది బక్కయ్యా? ఎండకాలం ఆఖరి ఆట గద!"

"రూలని ఇన్నొద్దులు మా పోరడు బయం లేకుంట శెయ్యి సాపిండు. రూలుండె గనక అవుతలోడు పట్టిండు. ఇగ రూల్ లేదాయె. రేపు మావోడు శెయ్యి సాపి, నలుగుట్ల అవుతలోడు పట్టకపోతె? నేనంటె పడ్డోన్ని, సైస్త. వానికి గా ఇసయం ఇంకా ఎరుకలేదు. ఎరుక గావద్దని నా తండ్లాట."

ఆటంటే గోలూ ఫౌలూ అనుకున్నాడు గాలయ్య ఇన్నాళ్లు. ఒక తండ్రి తన కొడుకును ఏ అవమానం నుంచి కాపాడుకోవడానికి ఆ గీత అవతల నిలబడుతున్నాడో ఆయనకు ఎన్నడూ తట్టలేదు. "ఆటకైతె పంపు. ఇజ్జత్ పోనియ్య," అన్నాడు. ఎట్లా పోనియ్యడో ఆయనకే తెలియదు.

ఇంట్లో జొన్నరొట్టె ముందు పెట్టుకుని కూచుంటే ఈదమ్మ విషయం రాబట్టింది. విని, "గా సారు ఎవలు? నిన్న గాక మొన్నొచ్చిండు. రూలున్నదని నువ్వు గట్టిగ అను. సీటీ నీ మెడలున్నదా, ఆయన మెడలున్నదా?" అంది.

"ఎరుకలేక ఊదితె ఊదిన. ఇప్పుడు ఎరుకై సుత ఊదితె అది దొంగ సీటీ అయితది. పోరగాండ్లకు దొంగాట వద్దని చెప్పినోన్ని నేనే గద ఈదీ."

మర్నాడు ఈదమ్మ గంపెడు బూడిద జల్లెడ పట్టి, అడగకముందే ఆయన ముందు పెట్టింది. పక్కింటి బూడిద కూడా తెచ్చినట్టుంది.

అంగడి మర్నాడు సాయంత్రం మైదానం చుట్టూ జనం ఎన్నడూ లేనంతగా వచ్చారు. ఆట చూడడానికి కొందరు, ఆట అయ్యాక ఏమవుతుందో చూడడానికి చాలామంది. హోటలు మాట ఊరంతా పాకింది మరి. బజారు పెద్దలు పడమటి గీత వెనక, వాడవాళ్లు తూర్పు గీత వెనక. వాడ పిల్లలు వచ్చారు. బక్కయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జానయ్య సారు తన మాట ఎంత దూరం పోయిందో అప్పటికి తెలిసి, ముఖం చిన్నబుచ్చుకుని ఒక మూల నిలబడ్డాడు.

ఆటకు ముందు గాలయ్య రెండు జట్లనూ దగ్గరికి పిలిచాడు. "ఇనుండ్రి బిడ్డా. శెయ్యి గలుపుడు రూలని చెప్పిన. కాదట. తప్పు నాది. ఇయ్యాల రెండే సీటీలు ఊదుత. మూడోది ఊద." పిల్లలు అయోమయంగా చూశారు. గాలయ్య బంతిని మధ్యలో పెట్టాడు.

ఆట మాత్రం జోరుగా సాగింది. ఉత్త కాళ్లతో దుమ్ము లేపుకుంటూ పరుగెత్తారు. మొదటి గోలు నర్సింహ కొట్టాడు, దాన్ని గురవయ్య సమానం చేశాడు. ఒకసారి నర్సింహ అడ్డం పడి గురవయ్యను పల్టీ కొట్టించాడు. ఈల మోగకముందే వంగి, చంకల కింద చేతులు వేసి లేపి, మోకాలికంటిన దుమ్ము దులిపాడు. ఈ రూలు సంగతి ఎవరూ ఎత్తలేదు గనక అది ఎప్పటిలాగే నడిచింది. పొద్దు గూకుతుండగా వాడ జట్టు ఇంకో గోలు కొట్టింది. బజారు పిల్లలు చివరిదాకా ఎగబడ్డారు గానీ బంతి మోకు కిందికి పోలేదు.

గాలయ్య ఈల నోట పెట్టుకున్నాడు. ఒక పొడుగు సీటీ. రెండో పొడుగు సీటీ. ఈల తీసి పిడికిట్లో బిగించాడు.

పిల్లలు అలవాటు కొద్దీ రెండు వరుసలుగా నిలబడ్డారు. నిలబడి ఎదురుచూశారు. గెలిచినవాళ్లు కూడా గెలిచామని అరవలేదు.

"ఐపోయింది పోండ్రి," అన్నాడు గాలయ్య. ఎవడూ కదల్లేదు.

"నర్సింహా! ఇంటికి నడువ్," అని పడమటి నుంచి గోపయ్య సేటు కేక.

నర్సింహ నాయిన వైపు చూశాడు, గాలయ్య వైపు చూశాడు. "మామా, మూడోది ఊదు," అన్నాడు.

"రూల్ లేదు బిడ్డా."

"మూడోది ఊదకపోతె ఆట ఎట్లైపోతది? మేం ఓడినట్టెట్ల? వాల్లు గెలిచినట్టెట్ల?"

గాలయ్య తల అడ్డంగా ఊపాడు. పిడికిలి విప్పలేదు. నర్సింహ రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని, బలంకొద్దీ, పొట్టిగా ఒక సీటీ కొట్టాడు. ఇత్తడి ఈలకు కూడా అంత చప్పుడు లేదు. వేళ్లను లాగుకు తుడుచుకుని, రెండడుగులు ముందుకు వేసి, గురవయ్య ముందు చేయి చాపాడు. ఓడినవాడే ముందు చాపాడు. బజారువాడే ముందు చాపాడు.

గురవయ్య వెనక్కి తిరిగి తూర్పు గీత వైపు చూశాడు. బక్కయ్య కట్టుకున్న చేతులు విప్పి, తల ఊపాడు. గురవయ్య చేయి పట్టుకున్నాడు. వెనక ఒకడి తర్వాత ఒకడు, వరుసంతా, దుమ్ము చేతులూ చెమట చేతులూ కలిశాయి. అప్పుడు గానీ వాడ పిల్లలు గెలిచామని ఎగరలేదు. గోపయ్య సేటు, "ఓడిపోయి సుత సిగ్గు లేదు," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆయన వెంట పోయినవాళ్లు కొందరే. మిగిలినవాళ్లు అక్కడే నిలబడ్డారు.

గాలయ్యకు కళ్లలో నీళ్లు ఆగలేదు. మీసం మీదికి కారితే తుడుచుకున్నాడు. తుడుచుకుంటూ తన చేయి చూసుకున్నాడు. ఇన్నేళ్లూ ఊరి పిల్లలందరి చేతా చేతులు కలిపించాడు. తను మాత్రం ఒక్కనాడూ కలపలేదు. కుడిచేతిలో ఎప్పుడూ ఈల ఉండేది మరి. చేతిలో ఈల లేని వేళ, మధ్యలో హోటలు లోపలి బల్ల ఉండేది. వెంటనే సిగ్గేసింది ఆయనకు.

మైదానం అడ్డంగా నడిచి తూర్పు గీత దగ్గరికి వచ్చాడు. ఈల ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. కుడిచేయి ధోతికి తుడుచుకుని, గీత మీదుగా బక్కయ్య ముందుకు చాపాడు.

బక్కయ్య ఆ చేతిని చూసి వెంటనే పట్టలేదు. "నువ్వు మూడోది ఊదలేదు గద గాలన్నా," అన్నాడు. కళ్లలో నవ్వు ఉంది.

"పోరడు ఊదిండు గద," అన్నాడు గాలయ్య. "పట్టు."

కంకర కొట్టి కాయలు కాసిన చేయి, పానా పట్టి కాయలు కాసిన చేయి. చాలాసేపు వదల్లేదు ఇద్దరూ. తర్వాత బక్కయ్య బూడిద గీత దాటి లోపలికి వచ్చాడు, కొడుకు దగ్గరికి. పెద్దవాళ్లు గీత దాటకూడదన్న కాయిదాను ఆనాడు గాలయ్య పట్టించుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి ఈదమ్మ వాకిట్లోనే ఉంది. సంగతంతా ఆయనకంటే ముందే ఇల్లు చేరింది. కాగు మీద మూత తీసి, ఆయన ముఖంలోకి చూసి అడిగింది.

"నీళ్లు తోడాల్నా?"

"తోడు. చెమట మస్తు వట్టింది."

"చెమటకేనా?"

గాలయ్య గడప దాటి లోపలికి వెళ్లి, ఈలను చిలక్కొయ్యకు తగిలించి వచ్చాడు.

"చెమటకే," అన్నాడు.